నాలుగు వేల పోగుల కేసు

“హమీద్ భాయ్, రాసి పెట్టుకో. ఇయ్యాల్టి సంది దేవరకొండల నేరగాళ్లకు దాసుకోనీకి జాగ లేదు!”

అశోక్‌కుమార్ మా దుకాణం మెట్టెక్కుతూనే చేసిన ప్రకటన ఇది. బస్టాండు దగ్గర నాకు ఎలక్ట్రిక్ సామాన్ల దుకాణం ఉంది. పక్కనే అతని జిరాక్స్ సెంటరు. దాని బోర్డు మీద ‘జిరాక్స్, లామినేషన్’ అన్న అక్షరాల కింద ‘అపరాధ పరిశోధన’ అని కూడా ఉంటుంది. ఆధార్ కార్డు నకలు కోసం వచ్చినవాళ్లు అది కూడా ఏదో ఫారం అనుకుని, ఎన్ని ఫొటోలు కావాలని అడుగుతుంటారు. ఆరో తరగతిలో అతని పక్కన కూర్చున్నాను. నలభై ఐదేళ్లు వచ్చినా లేవలేకపోతున్నాను.

అతని ప్రతిభ గురించి ఒక్క ముక్క చెప్పాలి. నిరుడు నా సైకిలు కనిపించకపోతే మూడు రోజులు పరిశోధించి, దొంగ ఎడమచేతివాటం మనిషని, అడవిలో పెరిగినవాడని తేల్చాడు. సైకిలు తీసుకెళ్లింది మా బావమరిది. ఆయన పెరిగింది హాలియాలో.

“ఇది సూడు,” అంటూ జేబులోంచి అగ్గిపెట్టెంత లైటు తీశాడు. దానికి సాగే పట్టీ ఉంది. పట్టీని తలకు తగిలించుకుని లైటును నొసటి మీద నిలబెట్టాడు. “చేతులు రెండు ఖాళీ! ఒగ చేత్తోటి భూతద్దం, ఒగ చేత్తోటి నోటుబుక్కు. ఆన్‌లైన్‌ల తెప్పించిన. వారం దినాలు వాడి ఎట్లున్నదో రాయాలె. నా తీర్పు కోసం దేశం ఎదురు చూస్తున్నది.”

“దేశమా?”

“కంపెనీ వాళ్లు మెసేజ్ పెట్టిన్రు. ‘మీ అభిప్రాయం మాకెంతో విలువైనది’ అని.”

“అది అందరికి పెడ్తరు భాయ్.”

“అందరికి పెట్టినట్టు పెట్టి నాకు పెట్టిన్రు. సంకేత భాష. నీకు తెల్వదు.”

ఆ లైటుకు బటన్ నొక్కే పని కూడా లేదు. దాని ముందు చేయి ఊపితే వెలుగుతుంది, మళ్లీ ఊపితే ఆరిపోతుంది. మంచి ఏర్పాటే. చిక్కేమిటంటే అశోక్‌కుమార్ చేతులు ఊపకుండా మాట్లాడలేడు. ‘నేరస్తుడు’ అన్నప్పుడు వెలిగింది, ‘తప్పించుకోలేడు’ అన్నప్పుడు ఆరిపోయింది. రెండు వాక్యాలు పూర్తయ్యేసరికి నాకు కళ్లు తిరిగాయి.

అంతలో నా ఫోను మోగింది. నా రెండు చేతులూ మిక్సీ మోటారులో ఉన్నాయి కాబట్టి, అశోక్‌కుమారే నొక్కి స్పీకర్లో పెట్టాడు.

“హమీదూ, చంద్రయ్యను. పొద్దుగాల సంది కరెంటు లేదాయె, మొగులు వట్టి ఇంట్ల అంత చీకటున్నది. పోగు పోయింది తమ్మీ! ఎంత ఎతికినా దొరుకుతలేదు. అయిదింటికల్ల సొసైటీకి పోవాలె, లేకుంటె నా పని ఖతం. చార్జింగ్ లైటుంటె జర జల్ది పట్టుకరా.”

ఫోను ఆగిపోయింది. అశోక్‌కుమార్ ముఖం వెలిగింది. ఈసారి లైటుతో సంబంధం లేదు.

“పోగు పోయింది! అయిదు గంటల గడువు! ఎవడో బెదిరిస్తున్నడు భాయ్, ప్రాణాపాయం!”

సాలెవాడలో మగ్గం నేసే చంద్రయ్య చెవులకు తాతల నాటి బంగారు పోగులు ఉంటాయి. ఆయన నాకు అన్నలాంటివాడు, ఆ పోగులను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. నిజం చెప్పాలంటే నా మనసులో మెదిలింది కూడా ఆ చెవిపోగే. ఈ సంగతి ఎవరూ అడగకపోయినా ఒప్పుకుంటున్నాను.

చార్జింగ్ లైటు తీసి బల్ల మీద పెట్టాను. “గా ముసలి లైటెందుకు? నా నొసట సూర్యుడున్నడు!” అంటూ నన్ను రెక్క పట్టుకుని బండెక్కించాడు. సాలెవాడ మలుపు తిరిగాక గాని, లైటు బల్ల మీదే ఉండిపోయిందని నాకు గుర్తు రాలేదు. సరే, ఇక సూర్యుడే దిక్కనుకున్నాను.

గడపలోనే చంద్రయ్య భార్య శారదమ్మ ఎదురొచ్చింది. అశోక్‌కుమార్ భూతద్దం పట్టుకుని నేరుగా లోపలికి దూసుకుపోయాడు. ఆమె నన్ను ఆపి గొంతు తగ్గించింది.

“తమ్మీ, కరెంటు ఒగ సాకు. ఆయనకు కండ్లు ఆనుతలేవు. అడిగితె ఒప్పుకోడు. పోయిన నెల చీరల గీత పడ్డదని సొసైటోళ్లు వాపస్ ఇచ్చిన్రు. ఇది గూడ వాపసొస్తె మగ్గం ఇప్పేసి మిర్యాలగూడ రైసుమిల్లుకు వాచ్‌మన్‌గ పోతనంటున్నడు. ముప్ఫయ్యేండ్ల మగ్గం. ఇప్పేస్తె ఆ మనిషి మనిషి గాడు.”

అంటూ కొంగుతో కళ్లు తుడుచుకుంది.  కానీ నాకు ఒక చెవిపోగుకూ చీరకూ సంబంధం ఏమిటో అర్థం కాలేదు. పెద్దవాళ్ల ఇంటి బాధ, ఎదురు ప్రశ్నలు వేయడం బాగుండదని ఊరుకున్నాను.

లోపల విచారణ మొదలైంది. గదికి ఒకటే చిన్న కిటికీ. గది నిండా మగ్గం, దాని మీద ఎర్రటి పట్టు పడుగు పరుచుకుని ఉంది. చెవుల మీదుగా తలకు తువ్వాల చుట్టుకుని చంద్రయ్య గుంత అంచున కూర్చున్నాడు. మగ్గం కింద నేతగాడు కాళ్లు దించుకుని తొక్కుడుచెక్కలు తొక్కే గుంత అది.

“ఎప్పుడు పోయింది?” అశోక్‌కుమార్ చేయి ఊపాడు. లైటు ఆరింది.

“పొద్దుగాల. నేస్తనే ఉన్న, సూస్తె లేదు.”

“ఎవలి మీదన్న అనుమానమున్నదా?” లైటు వెలిగింది.

“ఎవలి మీద ఉంటది? ఎలుక మీదనే.”

“ఎలుక!” అశోక్‌కుమార్ నా వైపు తిరిగాడు. “మారుపేరు భాయ్. పాత ముఠా.” నోటుబుక్కులో రాసుకున్నాడు. “పెద్దమనిషీ, పోగు ఏ రంగు?”

“ఎరుపు.”

“కెంపు పొదిగిందన్నట్టు. ఒక్కటేనా పోయింది?”

“ఒక్కటే సారు. కని ఒక్కటి పోయినా మొత్తం కరాబైతది.”

“మిగిలినయ్ భద్రంగున్నయా? ఎన్నున్నయ్?”

చంద్రయ్య మామూలుగా చెప్పాడు. “నాలుగు వేలు ఉంటయ్.”

అశోక్‌కుమార్ చేతిలోంచి భూతద్దం జారింది. ఒక మనిషి, రెండు చెవులు, నాలుగు వేల పోగులు. “హమీద్ భాయ్,” అన్నాడు, “ఇది జిల్లాల ఒడిసే కేసు గాదు. అంతర్జాతీయం. పెద్దమనిషీ, ఆఖరుసారి ఏడ సూసినవ్?”

“గిక్కడనే. గుంతలకు జారిందో ఏమో.”

అంతే. ఆ మాట పూర్తి కాకముందే మగ్గం పక్కనుంచి గుంతలోకి దూకాడు. ఆ గుంత ఒక జత కాళ్ల కోసం తవ్వింది. అశోక్‌కుమార్ కాళ్లు వెళ్లాయి, నడుము కూడా వెళ్లింది, పొట్ట దగ్గర పంచాయితీ వచ్చింది. ఊపిరి బిగబట్టి కిందికి జారి, తొక్కుడుచెక్కల అవతల మడత పడ్డాడు. మగ్గం కింద నుంచి మూలుగు వినిపించింది.

అదే సమయంలో చంద్రయ్య తువ్వాల విప్పి ముఖం తుడుచుకున్నాడు. రెండు చెవులకూ రెండు పోగులు నిక్షేపంగా ఉన్నాయి.

నేను ఆ చెవులను చూశాను, నాలుగు వేల ఎర్రటి దారాలను చూశాను. నేతగాళ్లకు పోగంటే దారపు పోగు. ఇది తెలియడానికి డిటెక్టివే కానక్కరలేదు, ఒక చొక్కా తొడుక్కున్నవాడైతే చాలు. నవ్వు తన్నుకొచ్చింది, శారదమ్మ ముఖం చూసి మింగేశాను. పడుగులో, అంటే మగ్గం మీది నిలువు దారాల్లో, ఒక పోగు తెగి ఎక్కడో చిక్కుకుపోయింది. కొస దొరికి ముడి పడకపోతే మిగిలిన నేత పొడుగునా గీత పడుతుంది. ఆ గీతతో ఈ ఇంటి మగ్గం ఆగిపోతుంది. గోడ గడియారం చూస్తే మూడున్నర.

“భాయ్, బయటికి రా,” అన్నాను. “పోయింది చెవిపోగు గాదు!”

“నువ్వు సాక్షివి, మాట్లాడొద్దు!” గుంతలోంచి జవాబు వచ్చింది. కాసేపాగి, “చెయ్యి ఇయ్యి, ఇరుక్కున్న,” అని వినిపించింది.

పైకి లేవబోయి చేతులు రెండూ ఎత్తాడు. అవి తొక్కుడుచెక్కల తాళ్ల మధ్య చిక్కుకుని అక్కడే ఉండిపోయాయి. తల వెనక్కి వాలింది. ఇక ఊపడానికి చేతులు లేవు. లైటు పుట్టిన దగ్గర్నుంచి మొదటిసారి ఆరకుండా, అచ్చంగా పైకి, పడుగు మీదికి కొట్టింది.

చంద్రయ్య వంగి చూశాడు. చూసి గట్టిగా అరిచాడు.

“కదలకు!”

అశోక్‌కుమార్ బిగుసుకుపోయాడు. “తుపాకీ ఉన్నదా?” అని మెల్లగా అడిగాడు.

“కదలకు సారు, నీకు దండం పెడ్త! గట్లనే ఉండు!”

నేనూ వంగి చూశాను. ఎర్రటి పోగుల మధ్య వెంట్రుకంత సన్నటి వెలుగు గీత. పోగు లేని చోట సందు ఉంటుంది కదా, ఆ సందులోంచి కింది వెలుగు పైకి వస్తోంది. పోగులను వరుసలో ఉంచే పన్నె వెనకాల, జానెడు దూరంలో ఆ గీత ఆగిపోయింది. అంటే తెగిన కొస అక్కడుంది.

చంద్రయ్య వేళ్లు అక్కడికి పోయాయి. పక్క పోగులకు అంటుకున్న కొసను పట్టి లాగాడు, కొత్త ముక్క జత చేశాడు, ముడి వేశాడు. కళ్లు మొరాయించినా ఆ వేళ్లు ముప్ఫై ఏళ్లుగా ఆ ముడి వేస్తూనే ఉన్నాయి. వెలుగు గీత మాయమైంది.

“దొరికింది శారదా!” అన్నాడు. ఆ గొంతు విని ఆమె తలుపు పట్టుకుని నిలబడిపోయింది.

“నేనే దొరకవట్టిన!” గుంతలోంచి వినిపించింది. “ఎలుక ఏడున్నడు?”

ఇంకా బెత్తెడు నేత మిగిలి ఉంది, చీకటి అలాగే ఉంది. అందుకని చంద్రయ్య అశోక్‌కుమార్‌ను బయటికి తీయనివ్వలేదు. “జర ఓర్సుకో సారు,” అని కాళ్లు గుంతలోకి దించి నేయడం మొదలుపెట్టాడు. తొక్కినప్పుడల్లా చెక్క వెళ్లి డిటెక్టివు మోకాలికి తగిలింది. టక్కుమంటే ‘అబ్బా’, టక్కుమంటే ‘అబ్బా’. సాలెవాడలో అంత లయగా నేసిన చీర మరొకటి ఉండదు. నాలుగున్నరకు చీర కోశారు. తర్వాత ముగ్గురం కలిసి అశోక్‌కుమార్‌ను పెరికాం.

చీర తీసుకుని నలుగురం చేనేత సొసైటీకి నడుస్తుంటే, దారిలో అతనికి అసలు సంగతి చెప్పాను. ఒక్క క్షణం కూడా తడబడలేదు.

“పోగు పోయిందన్నరు, పోగు దొరికింది. ఏ పోగో నేనెప్పుడన్న చెప్పిన్నా?” అని ఫోను తీసి లైటు మీద తీర్పు రాసుకున్నాడు. ‘వెలుగు బాగున్నది. అయితే పెట్టుకున్న మనిషికి ఏమీ కనబడదు, పైనున్న మనిషికి కనబడుతుంది. కొనేవారు పైన ఒక మనిషిని చూసుకోగలరు.’

ఐదుకు పది నిమిషాలుండగా సొసైటీ మేనేజరు చీరను కిటికీకి అడ్డంగా పట్టి, ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. 

“గీత లేదు,” అన్నాడు. “చంద్రయ్యా, నీ కండ్లు మళ్ల సక్కగైనట్టున్నయే!”

అవునంటే సరిపోయేది. చంద్రయ్య భార్య వైపు చూసి తల దించుకున్నాడు.

“కాలేదు సారు. ఆర్నెల్ల సంది ఆనుతలేవు. నామోషికి ఎవలికి చెప్పలే, దీనికి గూడ చెప్పలే. సోమారం నల్లగొండ కంటి దవాఖానకు పోత. మగ్గమైతె ఇప్పనే ఇప్ప. ఇంకో పడుగుకు పట్టు ఇయ్యుండ్రి.”

“ఆనకుంటె ఎట్ల నేస్తవయ్యా?”

చంద్రయ్య వెనక్కి తిరిగి, తల నుంచి పాదాల దాకా దుమ్ముతో నిలబడిన అశోక్‌కుమార్‌ను చూపించాడు.

“కండ్లు బాగయ్యేదాక ఈ సారు కింద కూసుంటడు.”

మేనేజరు అశోక్‌కుమార్‌ను కిందికీ పైకీ చూశాడు. ఏమనుకున్నాడో, లోపలికి వెళ్లి పట్టు కట్ట తెచ్చి చంద్రయ్య చేతుల్లో పెట్టాడు. శారదమ్మ ఏడుస్తూనే నవ్వింది.

అశోక్‌కుమార్ కుంటుకుంటూ నా పక్కకు వచ్చి చెవిలో అడిగాడు.

“హమీద్ భాయ్, మోకాళ్లకు కట్టుకోనీకి మెత్తటిది ఏమన్న ఉంటదా నీ దుకాణంల?”