బేసిన్‌లో కాళ్ళు, నేల మీద గుండ్రం

ఆ శనివారం పొద్దున్న అరబా వేసుకున్న పథకం చాలా చిన్నది. కొడుకు ఎబోను చాప మీంచి లాగి లేపాలి, నానిన మొక్కజొన్నల గంప వాడి నెత్తిన పెట్టి మరకు తోలాలి. ఆ పిండి పులిస్తేగాని కెంకే ముద్దలు కావు, అరటాకుల్లో చుట్టి ఉడికించిన ఆ ముద్దలు కేప్ కోస్ట్ బస్సుల అడ్డాలో అమ్ముడుపోతేగాని ఇల్లు గడవదు.

తీరా చూస్తే చాప ఖాళీ. పైగా చుట్టి గోడకు నిలబెట్టి ఉంది. వాడు పుట్టి బుద్ధెరిగాక చాప చుట్టడం అరబా ఎన్నడూ చూడలేదు. ఆమెకు అనుమానం రావడానికి మామూలుగానే పెద్ద కారణాలు అక్కర్లేదు. చేపలమ్మే మనిషి నవ్వుతూ పలకరిస్తే చేప నిన్నటిదని తేల్చేసే రకం.

పెరట్లోకి తొంగి చూసింది. ఎబో స్టూలు మీద కూర్చుని రెండు కాళ్ళూ చన్నీళ్ళ బేసిన్‌లో పెట్టుకున్నాడు. ఎదురుగా నేల మీద సుద్దతో పెద్ద గుండ్రం, దాన్నిండా అడ్డదిడ్డంగా గీతలు. గుండ్రానికి అవతల ఖాళీ స్టూలు ఒకటి. వాడు దానితో మాట్లాడుతున్నాడు.

"అర్థమైందా? కాలేదా? సరే, మళ్ళీ మొదట్నించి చెప్తా."

ఎబో ఒకసారి లెక్కల్లో తప్పి మళ్ళీ పరీక్షకు కట్టాడన్న సంగతి అరబా మరిచిపోలేదు. వాడి తండ్రిని సముద్రం తీసుకుంది, కొడుకును మాత్రం ఇవ్వనని ఆమె మొండిపట్టు పట్టింది. వాడు పడవెక్కకుండా ఆపగలిగేది ఆ పరీక్ష ఒక్కటే. అయితే చదువంటే ఆమెకు తెలిసింది పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుని వీధికి వినిపించేలా అరవడం. పోయినసారి వాడు చదివింది అలాగే. ఇక్కడ పుస్తకమే లేదు.

కాసేపు తమాయించుకుంది. బియ్యం తీద్దామని బస్తాలో చెయ్యి పెడితే ప్లాస్టిక్ సంచీలో చుట్టిన ఫోన్ తగిలింది.

"ఇదిక్కడెందుకుందిరా?"

"పక్కనుంటే పని సాగదమ్మా. నేను కాళ్ళు పట్టుకున్నా ఇవ్వకు."

"ఏం పని?"

"అయ్యాక చెప్తాలే."

అది చాలదన్నట్టు వాడు వేడివేడి కెంకేనీ వేయించిన చేపనీ పక్కకు నెట్టేశాడు. కడుపు నిండితే నిద్రొస్తుందట. కన్నకొడుకు చేప ముక్క వద్దనడంతో అరబా వాడి నుదురు తాకి చూసింది.

పక్క గదిలో బట్టలు కుట్టే అజోవా అంతా విని మిషన్ ఆపేసింది.

"అక్కా, నేననకూడదు గానీ, ఇది సకావా."

"ఛీ, నోర్ముయ్యి!"

"నేను మూసుకుంటే ఏమొస్తుంది? ఫోన్లో తెల్లోళ్ళకి ప్రేమ కబుర్లు చెప్పి డబ్బు గుంజే కుర్రాళ్ళు ఏం చేస్తారనుకున్నావ్? ముందు మంత్రగాడి దగ్గరికెళ్తారు. నీళ్ళంటాడు, గుండ్రమంటాడు, ఉపవాసమంటాడు. ఆఖర్న ఇంట్లో ఒకర్ని బలి అడుగుతాడంట."

"ఎవర్ని?"

అజోవా దారం కొరికి, ఎటో చూస్తూ అంది. "ఎక్కువగా తల్లినే."

ఆ వారమంతా అరబా తెల్లవారగానే తలుపు సందుకు చెవి ఆనించి కూర్చుంది. అజోవా కిటికీ రెక్క వెనక చేరింది. వాకిలి గదిలో అద్దెకుండే పాస్టర్ అమిస్సాకు సంగతి తెలిసేసరికి ఆయన పొద్దుటి ప్రార్థన కాస్తా పెరటి గోడ పక్కకు మారింది. ఎబో ఖాళీ స్టూలుకు రోజూ అదే మంత్రం చెప్పేవాడు. రేపు సాక్ష్యానికి పనికొస్తుందని ముగ్గురూ ఒక్క ముక్క పోకుండా విన్నారు.

శుక్రవారం సాయంత్రం ఎబో తల్లి పక్కన చేరి గారాలు పోయాడు.

"అమ్మా, రేపు పొద్దున ఆ స్టూలు మీద నువ్వు కూర్చోవే. ఖాళీ స్టూలుతో లాభం లేదు. మనిషి కావాలి."

ఎక్కువగా తల్లినే అన్న అజోవా మాట అరబాకు గుర్తొచ్చింది. వాడు అటు వెళ్ళగానే పక్క ఊరు ఎల్మినాలో ఉన్న అన్న బెంట్సిల్‌కు ఫోన్ చేసి ఏడ్చింది. వాళ్ళ ఫాంటే తెగ ఇళ్ళల్లో మేనమామ మాటకు తిరుగులేదు. ఎబో పరీక్ష ఫీజు కట్టింది ఆయనే, ఈసారి తేడా వస్తే పడవెక్కించి వల లాగిస్తానన్నదీ ఆయనే.

మర్నాడు పొద్దున్నే బెంట్సిల్ దిగాడు. ఎబో "రా అమ్మా, కూర్చో" అన్నాడో లేదో, అజోవా బేసిన్‌ను ఒక్క తన్ను తన్నింది. పాస్టర్ గారు గోడ చాటు నుంచి ఊడిపడి సీసాడు అభిషేక తైలం వాడి నెత్తిన గుమ్మరించారు.

"మావయ్యా, ఏంటిది!"

"ఎవడ్రా ఆ మంత్రగాడు? పేరు చెప్పు!"

"మంత్రగాడేంటి? మా లెక్కల మాస్టారు చెప్పారు! నిద్ర రాకుండా కాళ్ళు నీళ్ళలో పెట్టుకోమన్నారు. ఫోన్ దూరంగా పెట్టమన్నారు. ఇంకోళ్ళకి అర్థమయ్యేట్టు చెప్పగలిగితేనే మనకొచ్చినట్టన్నారు. పోయినసారి బట్టీ పట్టి, ఊరంతా గొప్పలు చెప్పి పోగొట్టుకున్నా కదా! అందుకే ఎవరికీ చెప్పలేదు."

"అయితే ఆ గుండ్రం సంగతేంటో ఇప్పుడే చెప్పు. చెప్తే సోమవారం పరీక్షకు. లేదంటే ఇప్పుడే నాతో పడవకు."

ఎబో కళ్ళలో నూనె మండుతోంది. "కేంద్రం దగ్గరి కోణం..." అన్నాడు. మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. "కోణం..." వారమంతా వల్లించింది గాలికి పోయింది. బెంట్సిల్ వాడి రెక్క పట్టుకుని గేటు వైపు నడిపించాడు.

అరబా పరుగున వెళ్ళి గేటుకు అడ్డం నిలబడింది. వాడు మంత్రగాడైనా సరే, తనను బలిచ్చినా సరే, పడవ మాత్రం ఎక్కకూడదు.

"రెట్టింపురా! అంచు దగ్గరి కోణానికి రెట్టింపు!" అని అరిచింది.

"రెండూ ఒకే చాపం మీద నిలబడితేనే అక్కా, ఆ ముక్క వదిలేశావ్" అంది అజోవా.

పాస్టర్ గారు గొంతు సవరించుకున్నారు. "అర్ధవృత్తమైతే అంచు దగ్గర లంబకోణం వస్తుంది. అదీ చెప్పాలి కదా."

బెంట్సిల్ ఆగిపోయాడు. ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. "మీకెవరు చెప్పారివన్నీ?"

మూడు చేతులూ ఎబో వైపు చూపించాయి.

"గోడ చాటున విన్నోళ్ళకే ఇంత ఎక్కితే, చెప్పినోడికి రాకుండా ఎక్కడికి పోతుంది?" అంటూ బెంట్సిల్ మేనల్లుడి రెక్క వదిలేశాడు. "ముందు వీడి మొహం కడగండి."

సోమవారం ఎబో పరీక్ష రాశాడు. ఫలితాలొచ్చిన రోజు లెక్కల్లో వాడికి అన్నిటికంటే పై గ్రేడు వచ్చిందని అజోవా బస్సుల అడ్డా దాకా చాటింపు వేసింది. అరబా కొడుకును కౌగిలించుకుని తనివితీరా ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, వాణ్ని తలుపు వెనక్కి లాగి, గొంతు తగ్గించి అడిగింది.

"నిజం చెప్పరా, పేపరు ముందే దొరికింది కదూ?"