గోళ్ళరంగు పూసిన పంపు

మా కల్మీడాంగా యూనియన్‌లో, అంటే మీ లెక్కన గ్రామ పంచాయతీలో, తాగేనీటి ఆర్సెనిక్ సమస్య నిరుడు చలికాలం మొదట్లో, ఒక మంగళవారం సాయంత్రానికల్లా సంపూర్ణంగా పరిష్కారమైందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఇందుకు ఖర్చయినవి కొన్ని డబ్బాల ఆకుపచ్చ రంగు, రెండు కుంచెలు, చైర్మన్ మొఫజ్జల్ తాలుక్‌దార్ గారి దూరదృష్టి.

అంతకు కొన్నేళ్ళ ముందు పట్నం నుంచి వచ్చినవాళ్ళు ఇంటింటి చేతిపంపు నీళ్ళూ పరీక్షించి, మంచి పంపు మూతికి ఆకుపచ్చ, విషమున్న పంపు మూతికి ఎరుపు పూసి వెళ్ళిపోయారు. వాళ్ళు వెళ్ళేసరికి ఊరంతా ఎర్రబడింది. మర్యాదస్తులు తలెత్తుకోలేకపోయారు. ఎర్ర పంపు ఇంటి సంబంధమనగానే పక్క ఊళ్ళవాళ్ళు టీ కూడా తాగకుండా లేచి వెళ్ళిపోయేవారు. ఇంతలో ప్రభుత్వం వారు నిర్మల జల పతకం ఇస్తామని ప్రకటించారు. ఒక్క ఎర్ర పంపు కూడా ఉండకూడదన్నది నిబంధన. చైర్మన్ గారు రాత్రంతా ఆలోచించి, జబ్బంతా రంగులోనే ఉందని కనిపెట్టారు. తెల్లారి రంగు మార్పించారు.

ఇక్కడ ఆర్సెనిక్ గురించి కూడా నాలుగు మంచిమాటలు చెప్పడం ధర్మం. పంపునీళ్ళలో ఉండేంత కొద్దిపాటి ఆర్సెనిక్‌కు రుచి లేదు, వాసన లేదు, తాగినవాణ్ణి ఆ పూటే పడగొట్టే మోటుతనం అంతకన్నా లేదు. నెమ్మదిగా లోపలికి వెళ్ళి, తిన్న తిండి సత్తువగా మారే చోట, భాస్వరం కూర్చోవలసిన పీట మీద తాను కూర్చుంటుంది. తాను పని చేయదు, ఇంకొకరిని చేయనివ్వదు. మా కౌన్సిల్ సభ్యులు ఈ మాటను తమకు ఆపాదించుకోవద్దని మనవి. అలా ఏళ్ళ తరబడి కూర్చున్నాక ఛాతీ మీద, దుమ్ములో తొలి చినుకులు పడ్డట్టు మచ్చలు తేలతాయి. అరచేతులూ అరికాళ్ళూ గరుకెక్కి కాయలు కాస్తాయి. ఆపైన తిమ్మిరి, దగ్గు, కొందరికి ఊపిరితిత్తుల్లోనో మూత్రాశయంలోనో క్యాన్సరు. మా మందులషాపు డాక్టరు నీళ్ళు బాగా మరిగించి తాగమన్నాడు. మరిగిస్తే నీరు ఆవిరైపోతుంది గానీ ఆర్సెనిక్ కదలదు, చిక్కబడుతుంది. ఆయన సలహా శ్రద్ధగా పాటించినవాళ్ళు ఫలితం త్వరగా చూశారు.

కోహినూర్ బేగం భర్త హాతెం అలీ దగ్గి దగ్గి పోయాడు. బీడీల వల్ల అని కౌన్సిల్ వారు తేల్చారు. అతను జన్మలో బీడీ ముట్టలేదని కోహినూర్ చెప్పగా, పక్కవాళ్ళ బీడీల వల్ల అని సవరించారు. ఆమె అరచేతుల నిండా కాయలే. అంటుకుంటుందని ఊళ్ళో నమ్మకం కాబట్టి విందుల్లో ఆమెకు చాప దూరంగా వేస్తాం. పొమ్మనం. మేం నాగరికులం.

కొడుకూ కోడలూ గాజీపూర్‌లో బట్టల ఫ్యాక్టరీకి వెళ్ళిపోతూ ఆరేళ్ళ మొయ్నాను ఆమెకు అప్పగించారు. ఆ పిల్ల చేతులు తన చేతుల్లా కాకూడదన్నది కోహినూర్ పంతం. మనవరాలిని ఇంటి పంపు దగ్గరికి రానిచ్చేది కాదు. రోజూ బిందె చంకన పెట్టుకుని చైర్మన్ గారి ఇంటికి వెళ్ళేది. ఊరందరి కోసం ప్రభుత్వం వేయించిన లోతైన బోరు, ఉన్న ఒక్క మంచినీళ్ళ బోరు, భద్రత దృష్ట్యా ఆయన ప్రహరీ లోపల ఉంది. ఎర్ర పంపు ఉన్న ఇళ్ళవారికి మాత్రమే అని గేటు మీద రాసి ఉంటుంది.

ఊరు పచ్చబడిన మర్నాడే గేటు మూశారు. న్యాయమే. ఎర్ర పంపే లేనప్పుడు మంచినీళ్ళతో పనేముంది? రంగు మారింది గానీ నీళ్ళు మారలేదు కదా అని కోహినూర్ అడిగింది. ఇలాంటి మాటలు బయటి ఊళ్ళవాళ్ళ చెవిన పడితే పతకం పోతుందని చైర్మన్ గారు ఓపిగ్గా నచ్చజెప్పి పంపారు.

ఆమె ఇంటికొచ్చి, కోడలు ఈద్‌కు వేసుకుని వదిలేసిన గోళ్ళరంగు సీసా వెతికి తీసింది. ఆ పుల్లంత కుంచెతో, కాయలు కాసిన వేళ్ళతో, పంపు మూతి చుట్టూ ఎర్రగా పూసింది. తరువాత బిందె తీసుకుని గేటు దగ్గరికి వెళ్ళింది. కాపలావాడు వచ్చి పంపు చూశాడు, మళ్ళీ వెళ్ళి గేటు మీది రాత చూశాడు. రూలు ప్రకారం కాదనడానికి వీల్లేక నీళ్ళు పట్టనిచ్చాడు.

శుక్రవారం నమాజుకు ముందే గాజులమ్మేవాడి దగ్గర గోళ్ళరంగు నిండుకుంది. జన్మలో గోరుకు రంగేయని ముసలమ్మలు కూడా కొన్నారు. ఎరుపు దొరకని ఇంట్లో గులాబీ పూశారు. గులాబీని ఎరుపుగా పరిగణించవచ్చునా అన్న విషయమై గేటు దగ్గర పెద్ద చర్చే జరిగింది. పతకం అధికారి రేపు వస్తాడనగా బడి ఆవరణలో పంచాయితీ పెట్టారు.

చైర్మన్ గారు కోహినూర్ ఇంటి నీళ్ళే గాజుగ్లాసులో తెప్పించారు. "కల్మీడాంగా అంటే నీళ్ళు. నీళ్ళంటే కల్మీడాంగా. మన నీళ్ళని అనుమానించడమంటే కన్నతల్లి పాలని అనుమానించడమే," అని అందరి ముందూ గటగటా తాగేశారు. "చూశారుగా? తాగాను. చచ్చానా?"

మేం చప్పట్లు కొట్టాం. దూరంగా వేసిన చాప మీంచి కోహినూర్ లేచింది.

"మొదటి గ్లాసుకి నేనూ చావలేదు చైర్మన్ భాయ్. మా ఆయనా చావలేదు. రోజూ తాగండి. మీ మనవడిక్కూడా ఇవే పట్టండి. అప్పుడడుగుతా."

చైర్మన్ గారు చెమట తుడుచుకున్నారు. "భాబీకి ఒంట్లో బాలేదు, పాపం. ఎవరైనా ఇంటి దగ్గర దింపి రండి," అన్నారు. ఎవరూ ఆమెను ముట్టుకోరు కాబట్టి ఆమె తానే నడిచి వెళ్ళింది.

పంపులన్నీ గీకించి మళ్ళీ పచ్చ పూయించి, గేటు మూయించారు. గోళ్ళరంగు ప్రజారోగ్యానికి హానికరమనీ, దాన్ని అమ్మినా కొన్నా శిక్షార్హమనీ కౌన్సిల్ ఏకగ్రీవంగా తీర్మానించింది. అధికారి వచ్చి, చైర్మన్ గారి పెరటి బోరునీళ్ళతో కాచిన టీ తాగి, మా ఊరి నీటిని మెచ్చుకుని పతకం ఇచ్చి వెళ్ళారు.

తీర్మానం కట్టుదిట్టంగా అమలవుతోంది. అప్పటి నుంచి మా యూనియన్‌లో గోళ్ళరంగు వల్ల ఒక్కరికీ జబ్బు చేయలేదు. మొయ్నా ఇప్పుడు ఇంటి పంపు నీళ్ళే తాగుతోంది. ఊరికి ఎవరొచ్చినా ఆ పిల్లను పిలిచి అరచేతులు చూపిస్తున్నాం. లేతగా, మెత్తగా ఉన్నాయి. ఇంతకన్నా రుజువేం కావాలని అడుగుతున్నాం. మాకు తొందరేమీ లేదు. ఆర్సెనిక్‌కూ లేదు.