తొలి ప్రసంగం పెట్టె

ఆదివారం పొద్దున్నే స్నానం చేసి, అద్దం ముందు ప్రసంగం ఒకసారి చెప్పుకుని, పదింటికల్లా చర్చిలో ఉండాలనుకున్నారు పాస్టరుగారు. తువ్వాలు భుజాన వేసుకునేలోపే సంఘ కార్యదర్శి తలుపు తట్టాడు.

"అయ్యగారూ, మెట్ల కింద పాత పెట్టె ఇలా ఇవ్వండి. దులిపి దండ వెయ్యాలి."

"ఏ పెట్టె?"

"అదేంటండీ! మన మెథడిస్టు సంఘం పుట్టిందే దాని మీద. చర్చి లేని రోజుల్లో తొలి ప్రసంగీకుడు నడివీధిలో ఆ పెట్టె ఎక్కే కదా వాక్యం చెప్పింది! ఇవాళ మన జిల్లా చర్చిలన్నిటికీ పెద్ద, సూపరింటెండెంటుగారు, దాన్ని చూడ్డానికే వస్తున్నారు."

పాస్టరుగారు లోపలికి వెళ్ళి భార్యను అడిగారు. ఆవిడ నీళ్ళ పొయ్యి వైపు చూసింది.

"పాత పాస్టరుగారు వదిలేసిన చెత్త అనుకున్నానండీ. నిన్న మీరు పోసుకున్న వేడినీళ్ళు దానితో కాచినవే."

అమ్మగారిని అనడానికేమీ లేదు. మెథడిస్టు పాస్టర్లకు బదిలీలు తప్పవు. ఇల్లు సంఘానిది, సామాను ఎవరిది వాళ్ళది, మిగిలినవి ఎవరివో గోడలకే తెలియాలి. కానీ ఈ సంఘంతో చెలగాటమా? ప్రసంగ వేదికను మూరెడు పక్కకు జరిపాడని కిందటి పాస్టరును ఏడాది తిరక్కుండా పంపించేశారు. వీళ్ళు వచ్చి నెలే అయింది. సామాను కట్టీ విప్పీ అమ్మగారి నడుం పడిపోయింది. కూతురికి బడిలో ఇప్పుడిప్పుడే ఒక స్నేహితురాలు దొరికింది. మళ్ళీ కదలమని చెప్పడానికి పాస్టరుగారికి నోరు రాదు.

"వార్నిష్‌కిచ్చానండీ. నేనే తెస్తాను," అనేశారు గుమ్మంలోకి వచ్చి. అదీ ఆదివారం పూట.

కార్యదర్శి మురిసిపోయాడు. "ఎంత శ్రద్ధండీ! అయితే సూపరింటెండెంటుగారిని దాని మీదే నిలబెట్టి మాట్లాడిద్దాం," అంటూ ఊరంతా చెప్పడానికి పరుగెత్తాడు.

అమ్మగారు పెరటి దారిన పళ్ళకొట్టుకు పరుగెత్తి ఒక ఖాళీ చెక్కపెట్టె అడిగి తెచ్చింది. కొత్త చెక్క, తెల్లగా మెరిసిపోతోంది. చిక్కటి టీ కాచి ఇద్దరూ పులిమారు. పెట్టెకు ముసలితనం వచ్చింది గానీ తడి ఆరలేదు, కమలాపళ్ళ వాసనా పోలేదు.

చర్చి కిక్కిరిసిపోయింది. సూపరింటెండెంటుగారు భక్తిగా పెట్టె ఎక్కారు. చెక్క కిర్రుమంది. ఆయన మాట్లాడినంతసేపూ పాస్టరుగారు ఊపిరి బిగబట్టి ఆ పాదాలే చూస్తూ కూర్చున్నారు. దిగేసరికి తెల్లటి అంగీ అంచు టీరంగుకు తిరిగింది.

అప్పుడు ముందు బెంచీలోంచి మామ్మ లేచింది. తొలి ప్రసంగీకుడి కూతురు. కర్ర పోటేసుకుంటూ వచ్చి, వంగి, పెట్టెను వాసన చూసింది.

"ఇది మెట్ల కింది పెట్టె కాదు."

అమ్మగారు కళ్ళు మూసుకుంది. సామాను లారీ వాకిట్లోకి వచ్చేసినట్టే అనిపించింది.

"మా నాన్నకసలు పెట్టెక్కడిది?" అంది మామ్మ. "వారం వారం పళ్ళకొట్లో అడిగి తెచ్చుకునేవాడు, అవగానే ఇచ్చేసేవాడు. మెట్ల కిందది ఎవరో బొగ్గులు పోసుకున్నది. ఎన్నిసార్లు చెప్పినా ఈ కార్యదర్శి వింటేనా! ఇన్నాళ్ళకి ఒక్క పాస్టరు కనుక్కున్నాడు." ఆమె పెట్టె అంచు నిమిరింది. "ఇదే వాసన నాయనా. ఆదివారాలు మా నాన్న చేతులకి ఇదే వాసన."

కార్యదర్శి తల దించుకున్నాడు. పాస్టరుగారికి సిగ్గేసింది. "అది కాదు మామ్మా, నేను..." అని నిజం చెప్పబోయారు.

సూపరింటెండెంటుగారు ఆయన చెయ్యి పట్టుకున్నారు. "వినయం కూడానా! నెల్లాళ్ళలో ఇంత చరిత్ర తవ్వి తీసిన మనిషి ఇక్కడుండటమేంటి? మా పెద్ద చర్చికి చరిత్ర రాసేవాళ్ళు లేక ఛస్తున్నాం. ఇవాళే బిషప్పుగారితో మాట్లాడి మిమ్మల్ని అక్కడికి వేయిస్తాను."

సాయంత్రం అమ్మగారు మళ్ళీ పళ్ళకొట్టుకు వెళ్ళింది, పెట్టె తిరిగివ్వడానికి కాదు, సామానుకి ఇంకో పది అడగడానికి.