కూజా మొక్కకు పేడ మర్యాద

ఒక పెద్ద అడవిలో వానాకాలం వచ్చిందంటే రాజ్యం ఈగలది. ఆ ఏడు చుక్కమ్మ అనే గేదె కొత్తగా ఈనింది. దూడ కంటి చుట్టూ పుండు పడింది. ఈగలు ముసరడంతో కన్ను తెరవలేకపోయేది. చుక్కమ్మ తోక విసిరి విసిరి అలసిపోయి, చివరికి అడవి సభకు వెళ్లి మొరపెట్టుకుంది.

సభవారు కరిగిపోయి, ఆకుల చివర కూజాలు కట్టి, వాటిలో పడ్డ ఈగలను తినే కూజా మొక్కలను కొండమీంచి తెప్పించారు. వాటిని ఎందులో నాటాలో తేల్చడానికి మితభాషి అనే నక్క అధ్యక్షతన కమిటీ వేశారు. అన్ని వర్గాలకూ చోటుండాలి కనుక ఈగల తరఫున ఝంకారరావు అనే జోరీగనూ కమిటీలో చేర్చుకున్నారు.

నక్క మర్యాదకోసం మొక్కనే అడిగింది. కాస్త నాచు, కాస్త ఇసుక, పైన వాననీళ్లు చాలని మొక్క చెప్పింది.

"ఎరువు మాత్రం వద్దండీ. వేళ్లకు తిండి దొరికితే మేం కూజాలు కట్టం. ఆకలేస్తేనే మాకు ఈగలతో పని."

జోరీగ కళ్లు చెమర్చాయి. "ఇంటికొచ్చిన చుట్టానికి ఇసుక పెడతామా? గేదె పేడ వేయించండి."

తర్వాత అది నక్కను పక్కకు పిలిచి, పేడ ఖాయం చేస్తే ఏ ఈగా అధ్యక్షులవారి గజ్జి చెవిమీద వాలదని మాటిచ్చింది. ఆ పూటే పేడ ఖాయమైంది.

పేడంతా చుక్కమ్మదే. దూడ బాగుపడుతుందన్న ఆశతో ఆనందంగా వేసింది.

"అక్కా, ఇక చాలక్కా," అని మొక్క గొణిగింది. మొహమాటపడుతోందనుకుని చుక్కమ్మ ఇంకాస్త వేసింది.

మొక్కలు గుబురుగా, నిగనిగలాడుతూ పెరిగాయి. ఒక్కటీ కూజా కట్టలేదు. సభవారు వచ్చి చూసి, ఇంత పచ్చదనం ఏ అడవిలోనూ లేదని మెచ్చుకుని దండలు వేసి వెళ్లారు.

ఈలోగా పేడకుప్పల్లో కొత్త ఈగలు పుట్టుకొచ్చాయి. పాత ఒప్పందం వాటికి తెలియదు. నక్క చెవినిండా వాలాయి. నక్క లబలబలాడుతూ జోరీగ దగ్గరికి పరుగెత్తింది.

"ఈ కాలం పిల్లలు మా మాట వింటారా బాబూ," అని జోరీగ నిట్టూర్చింది.

పేడ ఎత్తేయాలని నక్క సభలో తీర్మానం పెట్టింది. అప్పటికి సభలో ఈగలదే మెజారిటీ. తీర్మానం వీగిపోయింది.

చుక్కమ్మ ఇక ఎవరినీ అడగలేదు. దూడను ఏటి ఒడ్డుకు తోలుకుపోయి, మెడదాకా బురదలో దింపి, కంటి పుండు నాకుతూ కూర్చుంది. కొన్నాళ్లకు దూడ కన్ను తెరిచింది. కమిటీ అనుమతి లేకుండా బురద వాడినందుకు సభ చుక్కమ్మను మందలించింది.

పనిచేసేవాణ్ణి ఆపాలంటే కొట్టక్కర్లేదు, కడుపునిండా పెట్టి దండ వేస్తే చాలు.