పావుగంట చదువు

“పల్నాటి స్త్రీ ఇకమీదట వేలిముద్ర వెయ్యదు!” అని మా గురజాల సోషలిస్టు నాయకురాలు శ్రీమతి నాగరత్నమ్మగారు ప్రకటించారు. కరపత్రాలు కూడా పంచారు. మా పేటలో వాటిని చదవగలిగిన ఆడదాన్ని నేనొక్కదాన్నే. మిగతావాళ్లు వాటితో పొయ్యి రాజేసుకున్నారు.

నాగరత్నమ్మగారు మద్రాసులో బి.ఏ. చదివారు. స్త్రీ విముక్తి కోసం పెళ్లి మానుకున్నారు. వంటమనిషిని మాత్రం మానలేదు.

నేను చదివింది ఐదో తరగతి. ఆపైన మా ఊళ్లో ఆడపిల్లలకు బడి లేదు, పెళ్లే. ఇప్పుడు మా అమ్మాయి రత్నకుమారి ఐదులో ఉంది. మంత్రిగారొచ్చి బాలికల హైస్కూలు మంజూరు చేస్తారని విన్నప్పటినుంచి నాకు ముద్ద దిగడం లేదు.

సభలో మంత్రిగారి ఎదుట నాగరత్నమ్మగారు చదువురాని స్త్రీకి పావుగంటలో అక్షరం నేర్పి చూపించాలి. ముందు మా పేట పిచ్చమ్మతో రిహార్సల్ వేశారు. వారమైనా పిచ్చమ్మకు ‘అ’ రాలేదు. దాంతో పార్టీ కమిటీ కూర్చుని, చదువొచ్చిన నిరక్షరాస్యురాలు కావాలని ఏకగ్రీవంగా తీర్మానించింది.

నన్ను పిలిపించారు. సమానత్వం గురించి కాసేపు చెప్పారు. వారు కుర్చీలో, నేను నేలమీద.

“ఏమే మరియమ్మా, నీకు చదువొచ్చంటగా?”

“ఐదుదాకా వచ్చండీ.”

“ఆ పూటకు మర్చిపో.”

“ఎంతవరకు మర్చిపోమంటారండీ?”

“మొత్తం! సోషలిజమంటే త్యాగమే. మీ పిల్ల హైస్కూలు నీ చేతుల్లో ఉంది.”

సభలో సుద్దముక్కను కొడవలి పట్టినట్టు పట్టుకున్నాను. నాగరత్నమ్మగారు నా చెయ్యిపట్టి ‘అ’ దిద్దించారు. చప్పట్లు. రెండోసారి నేనే రాశాను. మళ్లీ చప్పట్లు.

“ఇంకా రాయవే!” అన్నారు చెవిలో.

పిల్ల గుర్తొచ్చింది. ఆగలేకపోయాను. “మా ఊళ్లో ఆడపిల్లలకు హైస్కూలు కావలెను” అని బోర్డు నిండా రాసేశాను.

మంత్రిగారు లేచి నిలబడ్డారు.

“పావుగంటలో ఇంత చదువా! ఇంక హైస్కూలెందుకమ్మా, దండగ?”

మంజూరు అక్కడికక్కడే రద్దయింది. దాని స్థానంలో ‘పావుగంట విద్యాబోర్డు’ పుట్టింది. నాగరత్నమ్మగారు అధ్యక్షురాలయ్యారు. మంత్రిగారి కారెక్కి, ప్రతిపక్షం కనుక వెనకసీట్లో కూర్చున్నారు.

పరుగెత్తి కారు కిటికీ పట్టుకున్నాను. “అమ్మగారూ, మరి మా పిల్ల?”

“పిల్లనా? రేపు మాచవరం సభకు తీసుకురా. నీకే పావుగంట పట్టిందిగా, దానికి పది నిమిషాలు చాలు.”

కారు వెళ్లిపోయింది. పక్కనున్న రత్నకుమారి నా కొంగు లాగింది.

“అమ్మా, నాకు చదవడం వచ్చుగా!”

“అరవమాకే,” అన్నాను, “ఎవరన్నా వింటారు.”