గాలికి ప్రారంభోత్సవం

ఈ వేసవి నుంచి రాయలసీమలో ఎండకూ గాలికీ ప్రభుత్వం తరఫున లెక్క ఉంటుందని, లెక్కలో లేని ఎండను ప్రజల మీద పడనివ్వబోమని మంత్రిగారు కడపలో విలేకరులను పిలిచి ప్రకటించారు. మండలానికొక వాతావరణ కేంద్రం పెడతామన్నారు. గాలి ఇంతకాలం ఎవరికీ జవాబుదారీ లేకుండా వీచిందనీ, ఇకమీదట ఆ ఆటలు సాగవనీ అన్నారు. విలేకరులు రాసుకున్నారు.

మొదటి కేంద్రం మా మండలానికి దక్కింది. ఎందుకు దక్కిందని అడిగేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. పార్టీ మండల అధ్యక్షుడు శ్రీనివాసులుది మా ఊరు. అంతకు మించి కారణం అక్కర్లేదు.

మండలాఫీసు వెనక బీడులో నేను గొర్రెలు మేపుకుంటాను. కాబట్టి ఆ తర్వాత జరిగిందంతా దగ్గర నుంచి చూసే భాగ్యం నాకు కలిగింది.

కేంద్రం అంటే పెద్ద మేడ అనుకున్నాం. నాలుగు పక్కలా ఇనుప కంచె, నడుమ మనిషిన్నర ఎత్తు స్తంభం, దానికొక తెల్ల డబ్బా, పైన మూడు గిన్నెలు. మండల గణాంకాధికారి జయకుమార్ సారు దాన్ని మాకు ఓపిగ్గా వివరించారు. ఆయన దేన్నయినా ఓపిగ్గా వివరిస్తారు, చేయమంటేనే కష్టం.

"డబ్బా ఎండను కొలుస్తుంది. గిన్నెలు గాలిని కొలుస్తాయి. గంటకు అరవై కిలోమీటర్లు దాటి తిరిగాయంటే, మండలంలో అరటి పెట్టి బీమా కట్టిన ప్రతి రైతుకూ పరిహారం. దాటకపోతే లేదు."

మాలో అరటి పెట్టింది ప్రేమమ్మ. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో పదకొండేళ్లు దుమ్ము ఊడ్చి, దగ్గు పట్టుకుని, ఆ పని మాని ఎకరా తోట వేసింది. తోట నిలిస్తే ఊర్లో ఉంటుంది. పోతే మళ్లీ చీపురు పట్టాలి. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పదు, అందరికీ తెలుసు.

"గాలి మా తోటలో కొట్టి ఈడ కొట్టకపోతే ఎట్ల సార్?" అని అడిగింది.

"అప్పుడు కొట్టనట్టేనమ్మా."

"చెట్లు పడింటే?"

"చెట్టు ఎందుకైనా పడొచ్చు. మిషన్ అబద్ధం చెప్పదు."

ఇంతలో పడమటి గాలి కొద్దిగా లేచింది. గిన్నెలు తిరగసాగాయి. అప్పుడే బండి దిగిన శ్రీనివాసులు అది చూసి నిలబడిపోయాడు.

"ఏమప్పా జయకుమార్, మన మంత్రి అన్న రాకముందే తిరుగుతాండాది?"

"గాలి వస్తే తిరుగుతాదన్నా."

"అన్న వచ్చి స్టార్ట్ చేయల్ల కదప్పా. ముందే తిరిగిపోతే ఆయన వచ్చి ఏం చేయల్ల? తిరిగేదాన్ని చూసి చప్పట్లు కొట్టల్లనా?"

శ్రీనివాసులు ఎర్ర రిబ్బను తెప్పించి, నిచ్చెన వేయించి, మూడు గిన్నెలనూ స్తంభానికి చేర్చి బిగించాడు. గిన్నెలు ఆగాయి. మంత్రిగారి అమృతహస్తాలతో ఆ రిబ్బను తెగేదాకా మండలంలో గాలి అధికారికంగా మొదలుకాదని అందరికీ అర్థమైంది.

ఎండ మాత్రం ఎవరి కోసమూ ఆగలేదు. తెల్ల డబ్బా నలభై ఐదు చూపించింది. ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. నలభై రెండు దాటిన చోటికి పోకూడదని మంత్రిగారికి డాక్టర్లు చెప్పారట. ఆయన ప్రజల ప్రాణాల కోసం తన ప్రాణం కాపాడుకునే మనిషి.

"నీ డబ్బా ఎక్కువ చూపిస్తాండాది," అన్నాడు శ్రీనివాసులు. "తగ్గించు."

"ఎండనా?"

"డబ్బానప్పా."

మరుసటి రోజు నుంచి డబ్బాకు తడి గోనెపట్టా చుట్టారు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం బిందెతో నీళ్లు పోశారు. కడపలో నలభై నాలుగు, కర్నూలులో నలభై ఐదు ఉన్న దినాన మా మండలంలో ముప్పై మూడు నమోదైంది. టీవీలో పచ్చ రంగులో చూపించారు. సీమలో ఊటీ అన్నారు. పైనుంచి జయకుమార్ సారుకు అభినందనలు వచ్చాయి.

చల్లని మండలంలో చలివేంద్రం ఉంటే ప్రభుత్వానికి చెడ్డపేరని బస్టాండు దగ్గరి మజ్జిగ పందిరి తీసేశారు. ఉపాధి పని పదకొండుకు విడిచేవాళ్లు, రెండుదాకా చేయమన్నారు. ముప్పై మూడు డిగ్రీల్లో ఎవరికీ ఏమీ కాదు. రెండో రోజు పెద్దన్న అనే ముసలాయన కాలవ పనిలో కళ్లు తిరిగి పడ్డాడు. అతన్ని మోసుకొచ్చి కంచె లోపల తడి పట్టా కింద పడుకోబెట్టారు. కాసేపటికి లేచాడు. వాతావరణ కేంద్రం తొలి లబ్ధిదారుగా అతని ఫోటో పేపర్లో పడింది.

ముప్పై మూడు చూసి మంత్రిగారు కరిగారు. గురువారం పొద్దున పదకొండు గంటలకు వస్తామని కబురు చేశారు.

సోమవారం మధ్యాహ్నం అందరి ఫోన్లకూ వాతావరణ సూచన వచ్చింది. సాయంత్రానికి ఉరుములు మెరుపులతో వాన, గంటకు అరవై నుంచి డెబ్బై కిలోమీటర్ల ఈదురుగాలి. ప్రేమమ్మ తోటలో చెట్లకు ఊతకర్రలు కడుతూ ఉండి, తాడు చేతిలో పట్టుకునే మండలాఫీసుకు వచ్చింది.

"సార్, గాలి వస్తాండాది. ఆ రిబ్బను ఇప్పండి."

"ఎట్ల ఇప్పేదమ్మా? గురువారం మంత్రిగారు కత్తిరించాలి."

"కత్తిరించేదానికి మళ్లీ కట్టుకోండి సార్. ఈ పొద్దుకు ఒక్క గంట ఇప్పండి. గెలలు ఇంకో నెలకు కోతకు వస్తాయి. నేను బీమా కట్టింది ఈ గంటకే."

జయకుమార్ సారు నిచ్చెన వైపు చూశారు. చూడలేదని నేను చెప్పను. ఫోన్ తీసి శ్రీనివాసులుతో మాట్లాడారు. ఇవతలికి మాటలు వినిపించలేదు గానీ ఆయన మూడుసార్లు "సరే అన్నా" అన్నారు.

"ప్రోటోకాల్ ఒప్పుకోదమ్మా," అన్నారు.

నాలుగు గంటలకు పడమట ఎర్రగా లేచింది. ముందు దుమ్ము, దుమ్ము వెనక మన్ను, ఆ వెనక వాన. నా గొర్రెలు ఒకదాని కడుపు కింద ఒకటి తల దూర్చుకున్నాయి. మండలాఫీసు సైకిల్ షెడ్డు రేకు ఒకటి లేచి, నా తల మీదుగా, తొందరపని ఉన్నట్టు తూర్పుకు పోయింది. పావుగంటలో అంతా అయిపోయింది. స్తంభం వైపు చూశాను. ఆ రిబ్బను నేసినవాళ్లను మెచ్చుకోవాలి, దారం కూడా లేవలేదు.

ప్రేమమ్మ తోటలో తొమ్మిది వందల చెట్లు గెలలతో సహా తూర్పు తలగా పడుకుని ఉన్నాయి. ఆమె గట్టు మీద నిలబడి చూసింది. లోపలికి పోలేదు.

మంగళవారం పొద్దున ఆమె, ఆమె వెంట నేను, ఆఫీసుకు పోయాం. జయకుమార్ సారు కంప్యూటర్ మా వైపు తిప్పారు.

"చూడండి. సోమవారం సాయంత్రం నాలుగు గంటలు. గాలి వేగం సున్నా."

"మీ షెడ్డు రేకు నా తోటలో ఉండాది సార్."

"అవునా? రాత్రి నుంచి వెతుకుతున్నాం. అది ప్రభుత్వ ఆస్తి, తెచ్చి అప్పజెప్పండి."

"అది నడుచుకుంటా వచ్చిందా సార్, మా తోటలోకి?"

"అది ఎట్ల వచ్చిందో ఇంజనీర్లు చూస్తారమ్మా. మా శాఖ కాదు."

మేమిద్దరం రేకు మోసుకొచ్చి ఇచ్చాం. అందినట్టు రాసిచ్చారు. ఆ విషయంలో ఆఫీసు చాలా కచ్చితం.

బుధవారం శ్రీనివాసులు ట్రాక్టర్ వేసుకుని తోట దగ్గరికి వచ్చాడు. మంత్రిగారి దారికి రెండు పక్కలా, సభాద్వారానికీ అరటి చెట్లు కట్టాలి. గెల ఉన్న చెట్లయితే శుభం.

"అక్కా, పడిన చెట్లు నీకేం పనికొస్తాయి? ఈడ ఉంటే కుళ్లిపోతాయి. నేను ఎత్తుకపోయి నిలబెడతా. చేను కూడా శుభ్రమైతాది."

"మంత్రిగారికి నా సంగతి చెప్తావా అప్పా?"

"నువ్వే అర్జీ ఇద్దువు. ముందు వరసలో నిలబెడతా నిన్ను."

ఆమె తలూపింది. సాయంత్రానికి ట్రాక్టర్ పద్నాలుగు సార్లు తిరిగింది. దారి మీద, ద్వారాల మీద, స్టేజీ చుట్టూ సరిపడా కట్టి, మిగిలినవాటిని స్టేజీ వెనక అడవిలాగా గుచ్చి నిలబెట్టారు. గాలికి పడిన చెట్లను రెండు దినాల్లో నిలబెట్టిన ప్రభుత్వాన్ని నేను ఇంతకుముందు చూడలేదు. చేనులో ఒక్క ఆకు లేకుండా ఊడ్చి ఇచ్చారు.

గురువారం మంత్రిగారు వచ్చారు. దారి పొడవునా గెలలు చూసి, "ఈ మండలంలో అరటి బ్రహ్మాండంగా ఉందే," అన్నారు. జయకుమార్ సారు చేతులు కట్టుకుని, అంతా తమ దయ అన్నారు. మంత్రిగారు నిచ్చెన ఎక్కి, వెండి కత్తెరతో రిబ్బను కత్తిరించారు. చప్పట్లు మోగాయి, ఆగాయి. గిన్నెలు కదల్లేదు. ఆ పొద్దు ఆకు కూడా కదలని ఉక్క.

మంత్రిగారు నిచ్చెన మీద నుంచే కిందికి చూశారు.

"ఏమయ్యా, తిరగదే?"

"గాలి లేదు సార్," అన్నారు జయకుమార్ సారు.

"లేకపోతే తెప్పించండి."

శ్రీనివాసులు అయిదు నిమిషాల్లో తెప్పించాడు. మామిడి తోటలకు మందు కొట్టే బ్లోయర్ అతని ట్రాక్టర్ వెనకే ఉంది. దాన్ని వెనక్కి నడిపి, మూతి గిన్నెల మీదికి ఎత్తి, ఇంజన్ రేజ్ చేశాడు. మంత్రిగారి కండువా ఎగిరి పక్కన ఉన్న పోలీసు మీద పడింది. గిన్నెలు కంటికి ఆనకుండా తిరిగాయి. స్టేజీ పక్కన పెట్టిన తెర మీద డెబ్బై ఎనిమిది అని వచ్చింది. ఈసారి చప్పట్లు ఆగలేదు.

ప్రేమమ్మ ముందు వరసలోనే ఉంది. అర్జీ ఇచ్చింది. మంత్రిగారు అందుకుని, తల మీద చేయి పెట్టి, "గాలికి నష్టపోయిన ఒక్క రైతును కూడా వదలం తల్లీ," అని మైకులో చెప్పి, కాగితాన్ని వెనకనున్న పీఏకు ఇచ్చారు. పీఏ తన వెనకాయనకు ఇచ్చాడు. ఆ వెనక ఎవరూ లేరు.

మంత్రిగారి బండి ఊరు దాటకముందే ఫోన్లన్నీ ఒకేసారి మోగాయి. మీ మండలంలో గురువారం 11 గంటల 40 నిమిషాలకు 78 కిలోమీటర్ల వేగంతో పెనుగాలి నమోదైనది. పంట నష్టపోయిన అరటి రైతులు మూడు రోజుల్లో తెలపండి.

ప్రేమమ్మ అందరికంటే ముందు తెలిపింది. శనివారం జయకుమార్ సారు ఫోటోలు తీసుకోవడానికి ఆమె చేనుకు వచ్చారు. గట్టు మీద నిలబడి చాలాసేపు చూశారు.

"ఇక్కడ ఏమీ లేదు కదమ్మా."

"మీ సభకే ఎత్తుకపోయిరి కద సార్. మీరు చూస్తాంటే కదా తోలింది."

"నిజమే. కానీ గురువారం పదకొండు నలభైకి గాలి కొట్టేటప్పటికి మీ చేనులో చెట్లు లేవు. లేని చెట్లు గాలికి ఎట్ల పడతాయి?"

"సోమవారం పడినాయి సార్."

"సోమవారం గాలి లేదమ్మా. మీకు చూపించాను."

ఆమె ఊడ్చిన చేను వైపు తిరిగింది. సారు కూడా బాధపడ్డారు. పక్క చేను చూసి వస్తానని గట్టు దాటారు. అది శ్రీనివాసులుది. మూడేళ్లుగా అందులో నా గొర్రెలు తప్ప ఎవరూ తిరగలేదు. పంట నమోదులో మాత్రం అది అరటి తోటేనని ఆ పొద్దు నాకు తెలిసింది. సభ అయిన సాయంత్రం ట్రాక్టర్ వచ్చి దించిపోయిన చెట్లు ఆ చేను నిండా పరిచి ఉన్నాయి, గెలలతో సహా. కొన్నింటికి బంతిపూల దండలు కూడా ఉన్నాయి. రైతుకు పంట మీద ఎంత భక్తి ఉంటే దండలు వేస్తాడో ఆలోచించండి.

జయకుమార్ సారు నాలుగు మూలల నుంచీ ఫోటోలు తీశారు. వంద శాతం నష్టం అని రాశారు. పంచనామా కాగితంలో పక్క రైతు సాక్ష్యం ఒక గడి ఉంది. ఆ చేనుకు పక్క రైతు ప్రేమమ్మ. మా ఊరి చర్చిలో కానుకల పెట్టె తాళం ఇరవై ఏళ్లుగా ఆమె దగ్గరే ఉంటుంది. ఆమె మాటకు ఎదురు మాట లేదు. అందుకే సారు ఆమెను గట్టు దాటి రమ్మని పిలిచారు.

"మీరు అబద్ధం చెప్పరని అందరూ అంటారు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఈ చెట్లు గాలికే పడినాయా?"

ప్రేమమ్మ వంగి ఒక చెట్టు కాండం మీద చేయి పెట్టింది.

"గాలికే పడినాయి సార్."

"మీరు చూశారా?"

"నా కండ్ల ముందర పడినాయి."

సారు రాసుకున్నారు. కాగితం అట్ట మీద పెట్టి, పెన్ను మూత తీసి ఆమె చేతికిచ్చారు.

ఆమె పెన్ను పట్టుకుని అడిగింది. "ఏ దినం పడినాయో అడగరా సార్?"

"తేదీ ప్రింటై వచ్చిందమ్మా," అన్నారు జయకుమార్ సారు. "మీరు సంతకం పెడితే చాలు."