బ్రేకు నొక్కగానే ఆగాలి

ఆ రోజు సర్వీసు సెంటరు గుమాస్తా మామూలు కంటే అరగంట ముందే లేచి, ఒకే గడ్డాన్ని రెండుసార్లు గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. మోటారుసైకిళ్ళ కంపెనీ నుంచి డిజైన్ విభాగం పెద్దావిడ సాయంత్రం నాలుగింటికి వస్తోంది. రాబోయే మోడల్‌లో బండి నడిపేవాళ్ళకి ఏమేం కావాలో వాళ్ళ మాటల్లోనే తెలుసుకోవాలని ఆవిడ ఊరూరా తిరుగుతోంది. ఆ కోరికలన్నీ పోగుచేసి ఆవిడకి అందించే పని ఓనరు గుమాస్తాకి అప్పగించాడు. పని సవ్యంగా జరిగితే ఖాళీగా పడున్న సూపర్‌వైజరు కుర్చీ నీదేనని మాట కూడా ఇచ్చాడు.

గుమాస్తాకి ఆ కుర్చీ అంటే హోదా కాదు, ఆదివారం. జనానికి బండి బాగుచేయించుకోవాలని బుద్ధి పుట్టేది సెలవు రోజునే కాబట్టి ఆరేళ్ళుగా అతను ఒక్క ఆదివారమైనా ఇంటిపట్టున ఉన్న పాపాన పోలేదు. సూపర్‌వైజరుకి మాత్రం ఆ రోజు సెలవు. మొన్న బళ్ళో 'మా కుటుంబం' బొమ్మ గీయమంటే రెండో తరగతి కూతురు అమ్మనీ, తననీ, పిల్లినీ గీసి, ఒక మూల మోటారుసైకిలు గీసి దాని కింద 'నాన్న' అని రాసింది. టీచరు చాలా బాగుందని మెచ్చుకుందట. గుమాస్తా కూడా బాగుందనే అన్నాడు గానీ ఆ పూట అతనికి అన్నం సహించలేదు.

ఇక్కడ సర్వీసు సెంటరు పద్ధతి ఒకటి చెప్పుకోవాలి. పొద్దున బండి వదిలి వెళ్ళేవాళ్ళు చెప్పిన బాధ విని గుమాస్తా పసుపు రంగు కార్డు మీద రాసి, కిటికీ పక్కనున్న ట్రేలో పెడతాడు. కిటికీ అవతల షెడ్డు. షెడ్డులో మేస్త్రీ. ఈ మేస్త్రీ గుమాస్తా భార్యకి స్వయానా అన్న. చేతిలో పనితనం ఉంది గానీ మనిషి మహా మొండి. ఒకసారి గుమాస్తా కార్డు మీద 'బ్రేకు పట్టడం లేదు' అని రాస్తే, మేస్త్రీ బండి ఒక చుట్టు తిప్పి చూసి, దాని కిందనే 'నిజమే' అని రాసి తిప్పి పంపాడు.

ఆ రోజు బావా బావా ఘోరంగా పోట్లాడుకున్నారు. అప్పటినుంచి గుమాస్తా కార్డు మీద జబ్బు రాయడం మానేసి, బండి ఎలా ఉండాలో రాయడం మొదలుపెట్టాడు. మేస్త్రీకి మూడు నియమాలు పెట్టాడు. కార్డులో ఎలా ఉండాలని రాస్తే అలా చెయ్యాలి. రాయనిది ముట్టుకోకూడదు. మధ్యలో వచ్చి ఇదేమిటని అడక్కూడదు. మేస్త్రీ సరేనన్నాడు, అన్నమాట మీద నిలబడ్డాడు కూడా.

కోరికలు రాయించడానికి విడిగా కాగితాలు అచ్చు వేయిద్దామని గుమాస్తా అన్నాడు. మన పసుపు కార్డులు ఉండగా ఎందుకయ్యా, పేరుంది, బండి నంబరుంది, రాసుకోడానికి చోటుంది అని ఓనరు కొట్టిపారేశాడు. అలా పొద్దున వచ్చిన ప్రతివాళ్ళకీ రెండేసి కార్డులు తయారయ్యాయి. బండి బాధ గుమాస్తా రాసింది ఒకటి, రాబోయే మోడల్ మీద కోరిక వాళ్ళంతట వాళ్ళు రాసింది ఇంకొకటి. కోరికల కోసం బల్ల మీద ఇంకో ట్రే పెట్టాడు. దంతవైద్యుడు, సంగీతం మేష్టారు, టైలరు, బడి హెడ్మాస్టరమ్మ, కొరియరతను, అందరూ పరీక్ష రాస్తున్నంత శ్రద్ధగా రాసిచ్చారు. సంగీతం మేష్టారు రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాశారు.

ఆరో బండి గుమాస్తాదే. దానికి గేరు తేడాగా ఉంది. తన బాధ కార్డు తనే రాసుకున్నాడు. కోరిక రాద్దామనుకునేలోగా ఫోను మోగింది. మరిచిపోయిన క్యారేజీ ఇచ్చిపోదామని వచ్చిన భార్య, బల్ల మీద ఖాళీ కార్డు చూసి, ఆయన తరఫున తనే రెండు వాక్యాలు రాసి కోరికల ట్రేలో పడేసి వెళ్ళిపోయింది.

అన్నీ అయ్యాక గుమాస్తాకి బల్ల మురికిగా కనిపించింది. పెద్దావిడ వస్తే ఏమనుకుంటుందని ట్రేలు రెండూ ఎత్తి, బల్ల తడిగుడ్డతో తుడిచి, మధ్యలో పూలకుండీ పెట్టి, ట్రేలు మళ్ళీ సర్దాడు. కిటికీ పక్కకి ఏ ట్రే వెళ్ళిందో చూసుకోలేదు. మేస్త్రీ ఎప్పటిలా కిటికీలోంచి చెయ్యి చాపి అందులో ఉన్నవి పట్టుకుపోయాడు. మిగిలినవాటికి గుమాస్తా చదివి చూడకుండానే పిన్ను కొట్టి, రిబ్బను కట్టిన కవరులో పెట్టి, గర్వంగా పైకి తీసుకెళ్ళి ఓనరు బల్ల మీద పెట్టాడు.

పెద్దావిడ నాలుగింటికి కాదు, మూడింటికే వచ్చేసింది. నెరిసిన జుట్టు, లావుపాటి నోట్సు పుస్తకం, తక్కువ మాటలు. ఓనరు ఆవిడని మేడ మీద చల్లటి గదిలో కూర్చోబెట్టి, కవరు విప్పి, కళ్ళజోడు సవరించుకుని మొదటి కార్డు గొంతెత్తి చదివాడు.

"బ్రేకు నొక్కగానే ఆగాలి."

గోడకి ఆనుకుని నిలబడ్డ గుమాస్తాకి ఆ వాక్యం బాగా తెలిసినట్టనిపించింది. ఓనరు చిన్నగా దగ్గి, రెండోది అందుకున్నాడు. పొద్దున్నే స్టార్టవ్వాలి, మధ్యాహ్నం కాదు. మూడోది, స్టాండు వేస్తే నిలబడాలి. నాలుగోది, పెట్రోలు ట్యాంకులోనే ఉండాలి, రోడ్డు మీద కాదు. చదివేకొద్దీ ఓనరు గొంతు సన్నబడింది. కంపెనీ మనిషిని ఇంటికి పిలిచి మొహం మీదే తిట్టినట్టుంది. అయిదోది చదివేసరికి ఆయన నుదుటి మీద చెమట పట్టింది.

"వెళ్తుండగా ఏదీ ఊడి పడకూడదు."

"సార్, ఒక్క నిమిషం. ఆ కార్డులు..." అన్నాడు గుమాస్తా.

"నువ్వు మాట్లాడకు. ఇన్నేళ్ళలో నీకు దొరికిన కస్టమర్లు వీళ్ళా?" అని ఓనరు పళ్ళు నూరాడు.

పెద్దావిడ మాత్రం తల వంచుకుని నోట్సులో రాసుకుంటూనే ఉంది. ఇవి ఇక్కడుంటే అవెక్కడున్నట్టు అన్న ఆలోచన గుమాస్తాకి అప్పుడు తట్టింది. మంచినీళ్ళు తెస్తానని చెప్పి రెండేసి మెట్లు దూకుతూ కిందికి పరిగెత్తాడు.

షెడ్డులో అతనికి ముందు కనిపించింది జెండా. దంతవైద్యుడి బండి వెనక ఆరడుగుల ఇనపకడ్డీ, దాని చివర ఎర్రగుడ్డ రెపరెపలాడుతోంది. 'బండి ఎక్కడ పెట్టానో మరిచిపోతాను, ఎంత దూరం నుంచైనా కనిపించాలి' అని వైద్యుడు కోరుకున్నాడట. హెడ్మాస్టరమ్మ పొట్టి మనిషి. 'ఎక్కడానికి మెట్టు కావాలి' అని రాస్తే ఆవిడ బండికి మేస్త్రీ నిజంగానే ఇనప మెట్టు వెల్డింగు చేసేశాడు. కొరియరతను దారిలో టీ గ్లాసు పెట్టుకునే చోటు అడిగాడు. అతని హ్యాండిలుకి షెడ్డు బాత్రూములో బ్రష్షులు పెట్టుకునే స్టాండు బిగించి ఉంది. హారన్ వింటే ఎదుటివాడికి కోపం రాకూడదని రాసిన సంగీతం మేష్టారి బండికి, మేస్త్రీ తన ఇంటి కాలింగ్ బెల్ ఊడబీకి తెచ్చి పెట్టాడు. నొక్కితే కోకిల కూసింది.

గుమాస్తా తల పట్టుకుని నేల మీద చతికిలబడ్డాడు. ఇవి ఈ బండ్లకి చెయ్యాల్సిన పనులు కావని, ఎప్పుడో రాబోయే మోడల్ కోసమని, ఆ మాత్రం తెలియదా అని నెత్తీనోరూ కొట్టుకున్నాడు. చేతిరాతలు కూడా నావి కావు కదా అన్నాడు.

"చేతిరాత తేడాగా ఉందని నాకూ అనిపించింది బావా. కానీ అడగొద్దన్నది నువ్వే కదా," అన్నాడు మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ.

అన్నీ వెంటనే పీకెయ్యమని గుమాస్తా బతిమాలాడు. పీకాలంటే కార్డు కావాలన్నాడు మేస్త్రీ. ఖాళీ కార్డుల పుస్తకం మేడ మీద ఓనరు బల్ల మీద ఉంది. అది తేవడానికి గుమాస్తా గుమ్మం దాకా వెళ్ళాడో లేదో, బండ్ల కోసం మనుషులు రావడం మొదలైంది. టైలరు భార్యను వెంటబెట్టుకుని అందరికంటే ముందొచ్చాడు. వచ్చీ రాగానే బండి స్టార్టు చేశాడు.

ఆ చప్పుడుకి మేడ మీద కిటికీ అద్దాలు గలగలలాడాయి. మేస్త్రీ సైలెన్సరు లోపలి సరుకంతా తీసేశాడు. అంత పని ఎందుకు చేశావని గుమాస్తా చెవి దగ్గర అరిస్తే, మేస్త్రీ జేబులోంచి కార్డు తీసి చూపించాడు. టైలరు భార్య దాన్ని మధ్యలోనే అందుకుంది. 'వెనక కూర్చున్నవాళ్ళ మాటలు ముందువాడికి వినిపించకూడదు' అని ఉంది అందులో. ఆవిడ భర్త వంక నిదానంగా చూసింది. టైలరు గబుక్కున ఇంజను ఆపి, అది తన అక్కయ్య గురించి రాశానని ప్రమాణం చేశాడు.

చప్పుడు విని ఓనరూ, పెద్దావిడా మెట్ల మీదకి వచ్చేశారు. ఓనరు జెండా చూశాడు, మెట్టు చూశాడు, కోకిల విన్నాడు. ఏమీ మాట్లాడవద్దని గుమాస్తాకి కళ్ళతోనే గట్టిగా సైగ చేశాడు. నిజానికి మాట్లాడకపోతే గండం గడిచేలాగే ఉంది. వచ్చినవాళ్ళెవరూ కోపంగా లేరు. హెడ్మాస్టరమ్మ మెట్టెక్కి దిగి, మళ్ళీ ఎక్కి మురిసిపోతోంది. దంతవైద్యుడు జెండా కింద కూర్చుని పెళ్ళికొడుకులా నవ్వుతూ గేటు వైపు బండి కదిలించాడు.

అది బ్రేకు పట్టని బండి. అది ఇంకా బాగుకాలేదన్న సంగతి అక్కడ గుమాస్తా ఒక్కడికే తెలుసు. ఒక్క క్షణం కుర్చీ గుర్తొచ్చింది, ఆదివారం గుర్తొచ్చింది, కూతురి బొమ్మ గుర్తొచ్చింది. అయినా పరిగెత్తుకెళ్ళి గేటు మూసి, పాత గుడ్డల మూటని బండికి అడ్డంగా నెట్టాడు. వైద్యుడు బ్రేకు నొక్కాడు. బండి ఆగలేదు, మెల్లగా వెళ్ళి మూటలో దిగబడింది. జెండా వంగి గుమాస్తా నెత్తి మీద ఒకటిచ్చింది.

"ఎవరూ బండి తియ్యకండి. ఒక్క బండీ బాగుకాలేదు. మీ బాధలు పైకి పోయాయి, మీ కోరికలు షెడ్డులోకొచ్చాయి. ట్రేలు మార్చింది నేను. మేస్త్రీ తప్పేం లేదు," అన్నాడు అతను అందరికీ వినబడేలా.

ఓనరు కళ్ళు మూసుకున్నాడు. పెద్దావిడ మెట్లు దిగి వచ్చింది. జెండా కడ్డీ కదిపి చూసింది. మెట్టెక్కి చూసింది. కోకిలని రెండుసార్లు కూయించింది. ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టి, కళ్ళనీళ్ళు తుడుచుకునేదాకా నవ్వింది.

"పదకొండేళ్ళుగా కోరికలు పోగుచేస్తున్నాను బాబూ. బండి మాట్లాడాలంటారు, ఎగరాలంటారు. బ్రేకు నొక్కితే ఆగాలని నాకు చెప్పినవాళ్ళు లేరు. పైన చదివినవి మీరు రాసినవేనా?"

గుమాస్తా తల ఊపాడు. అంత పొట్టి వాక్యాలు తమ ఆఫీసులో ఎవరికీ రావని ఆవిడ చెప్పింది. రెండు కట్టలూ ఆవిడే తీసుకుంది. షెడ్డులో చేసినవాటికి ఒక్కోదానికీ ఫొటో తీసుకుంది. ఇలాంటి మనిషిని ఎక్కడ పట్టారండీ, వదులుకోకండి అని ఓనరుతో అంది. ఓనరు వెంటనే కళ్ళు తెరిచి, ఇతన్ని ఇవాళే సూపర్‌వైజరుని చేశానని, ఆ సంగతి ఇంకా అతనికి చెప్పలేదని అన్నాడు.

ఆ సాయంత్రం బావలిద్దరూ కలిసి చేతులు నల్లబడేదాకా అసలు బాధలన్నీ సరిచేశారు. కోరికలు పీకించుకోవడానికి మాత్రం ఎవరూ ఒప్పుకోలేదు. ఒక్క టైలరు సైలెన్సరు మామూలుగా మారింది. ఆ కార్డు మీద సంతకం ఆయన భార్యది.

అన్నీ అయ్యాక గుమాస్తా తన బండెక్కాడు. గేరు చక్కగా పడింది గానీ, యాక్సిలరేటరు ఎంత తిప్పినా ముల్లు నలభై దాటలేదు. పెద్దావిడకిచ్చిన కట్టలో కలపకుండా దాచిన ఆరో కార్డుని మేస్త్రీ జేబులోంచి తీసి చూపించాడు. 'ఈయన బండి నలభై దాటకూడదు. మాకు మనిషి కావాలి' అని ఉంది.

గుమాస్తా ఆ రెండో వాక్యాన్ని మళ్ళీ చదువుకున్నాడు. కార్డు మడిచి జేబులో పెట్టుకుని, సరే, ఇప్పుడిది తీసెయ్ బావా అన్నాడు.

"తీస్తాను. రాసినవాళ్ళ చేత సంతకం పెట్టించుకురా," అన్నాడు మేస్త్రీ.

వచ్చిన ఆదివారం ముగ్గురూ షికారు బయల్దేరారు. కూతురు ముందు కూర్చుని దారి పొడుగునా పాటలు పాడింది, వెనక భార్య ఆపకుండా కబుర్లు చెప్పింది, ప్రతి మాటా గుమాస్తాకి స్పష్టంగా వినిపించింది. ఇంత సంతోషంగా బండి నడిపిన గుర్తు అతనికి లేదు. సంగీతం మేష్టారు కోకిల కూయించుకుంటూ దాటిపోయారు. హెడ్మాస్టరమ్మ దాటిపోయింది. దంతవైద్యుడి జెండా మాత్రం మలుపు తిరిగాక కూడా ఇంకా కాసేపు కనిపించింది.

సంతకం సంగతి భార్య ఆలోచిస్తానంది, ఇంకా ఆలోచిస్తూనే ఉంది.